ఇంజను చెప్పే లెక్క
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో ఏటా చదువు గురించో, ఆరోగ్యం గురించో ఎవరో ఒక పెద్దమనిషి మాట్లాడటం ఆనవాయితీ. ఈసారి కార్యదర్శిగారు నా దగ్గరికి వచ్చి, "మీరు పాలిటెక్నిక్‌లో ఇన్నేళ్లు ఆటోమొబైల్ పాఠాలు చెప్పారు గదా, మనవాళ్లకు పనికొచ్చేది ఏదైనా చెప్పండి" అన్నారు. మన కుటుంబాలను చూస్తే ఇంటికొక మెకానిక్కో, డ్రైవరో, టైర్ల షాపువాడో వుండనే వున్నాడు. అందుకని బండి గురించే మాట్లాడదామనుకున్నాను. కారు ఇంజను బలాన్ని ఏ యంత్రమూ కొనకుండా, దాని శబ్దాన్ని రికార్డు చేసి ఇంటి దగ్గరే లెక్కగట్టడం ఎలాగో చెబుతాను. ఇది పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదు. మా ఇంట్లోనే జరిగిన సంగతి.

మంచి మెకానిక్కుకు చెవే మొదటి పనిముట్టు. పాత ఉస్తాదులు పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, "ఇదిగో, ఇక్కడ బేరింగు పోయింది" అని చెప్పేవారు. నేను అలాంటివాళ్ల దగ్గర చాలా నేర్చుకున్నాను. కాని చెవికి ఒక లోటు వుంది. తేడా వున్నదని చెబుతుందే గాని, ఎంత తేడా అన్నది చెప్పలేదు. ఆ ఎంత అన్నది తెలియకపోవడం వల్లనే మనం ఎన్నోసార్లు అక్కర్లేని చోట డబ్బు తగలేస్తాం.

సంగతి ఎలా మొదలైంది

మా చెల్లెలి కొడుకు మా వూళ్లో డ్రైవింగు స్కూలు నడుపుతాడు. స్కూలంటే పెద్ద స్కూలేమీ కాదు. ఒక రేకుల గది, ఒక బోర్డు, ఒక మారుతి 800. 2012 మోడలు. మారుతి 800 మన దేశంలో 1983 డిసెంబరులో వచ్చింది, 2014లో తయారీ ఆపేశారు. ఆ ఒక్క బండి మీదే వాడి సంసారం.

ఒకరోజు వచ్చి దిగాలుగా కూర్చున్నాడు. "మామూ, బండికి పికప్ లేదు. రైల్వే బ్రిడ్జి ఎక్కడానికి ఏడుస్తోంది. పెట్రోలు కూడా ఎక్కువ తాగుతోంది. షెడ్డులో చూపిస్తే ఇంజను దింపి బోరు చేయించాలంటున్నారు. ముప్ఫై వేలవుతుందట" అన్నాడు.

"క్లచ్ చూశారా?" అన్నాను.

"చూశారు మామూ. హ్యాండ్ బ్రేకు వేసి, పై గేరులో పెట్టి క్లచ్ వదిలితే ఇంజను ఆగిపోయింది. క్లచ్ బాగానే వుందన్నారు."

అది అందరం చేసే పరీక్షే. నేనూ సరేనన్నాను. పాత బండి గదా, ఇంజనే అయివుంటుంది అనుకున్నాను. అయితే డబ్బెక్కడిదని అడిగితే వాడు తల వంచుకున్నాడు. మా చెల్లెలి గాజులు తాకట్టు పెట్టడానికి మాట్లాడుకున్నారట. అప్పుడు నాకు మనసు ఒప్పలేదు. "రెండు రోజులు ఆగు. గాజులు తీసే ముందు, ఇంజను నిజంగా ఎంత బలం పోగొట్టుకుందో కొలిచి చూద్దాం" అన్నాను.

హార్స్‌పవర్ అంటే ఏమిటి

పద్దెనిమిదవ శతాబ్దంలో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రాలను అమ్ముకోవడానికి గుర్రంతో పోల్చి ఒక కొలత పెట్టాడు. నిమిషానికి 33,000 పౌన్ల బరువును ఒక అడుగు ఎత్తు లేపగలిగితే అది ఒక హార్స్‌పవర్. ఇప్పటి లెక్కలో సుమారు 746 వాట్లు. ఇక్కడ గమనించవలసింది నిమిషానికి అన్న మాట. ఎంత బరువు లాగాము అన్నదొక్కటే చాలదు, ఎంత త్వరగా లాగాము అన్నదీ కావాలి. అందుకే బలాన్ని వేగంతో గుణిస్తే సామర్థ్యం వస్తుంది. తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఈ సూత్రాన్ని వల్లె వేసే వుంటారు.

పెద్ద వూళ్లలో దీన్ని కొలవడానికి డైనమోమీటరు అనే యంత్రం వుంటుంది. కారును రోలర్ల మీద ఎక్కించి పరుగెత్తించి, చక్రాల దగ్గర ఎంత సామర్థ్యం వచ్చిందో చూస్తారు. మనబోటి వూళ్లలో అది దొరకదు. అయితే రోడ్డునే రోలరు అనుకోవచ్చు. కారు బరువు మనకు తెలుసు. అది ఎంత త్వరగా వేగం పుంజుకుంటోందో తెలిస్తే, దాన్ని నెట్టిన బలమెంతో న్యూటన్ రెండో సూత్రమే చెబుతుంది. ద్రవ్యరాశిని త్వరణంతో గుణిస్తే బలం.

చిక్కంతా ఆ త్వరణాన్ని కొలవడంలోనే వుంది. స్పీడోమీటరు ముల్లు వణుకుతుంది, పైగా సాధారణంగా అసలు వేగం కన్నా కొంచెం ఎక్కువే చూపుతుంది. ఫోనులో ఉపగ్రహాల ద్వారా వచ్చే వేగం నిలకడగా పోయేటప్పుడు చక్కగా వుంటుంది. కాని సాధారణంగా సెకనుకు ఒక్కసారే మారుతుంది, కొంత ఆలస్యంగా కూడా వస్తుంది. మనకు కావలసిన పని ఒకటిన్నర సెకనులో అయిపోతుంది. ఇక్కడే శబ్దం మనల్ని ఆదుకుంటుంది.

శబ్దంలో దాగిన అంకె

చాలామంది బండి ఎంత గట్టిగా అరిస్తే అంత బలం అనుకుంటారు. సైలెన్సరు పగిలిన ఆటో కూడా వూరంతా వినబడేలా అరుస్తుంది. దానికి కొత్త బలమేమీ రాలేదు. మనకు కావలసింది అరుపు కాదు, శ్రుతి. అంటే సెకనుకు ఎన్ని కంపనాలు అన్నది. దీన్నే పౌనఃపున్యం అంటారు, హెర్ట్జ్‌లలో చెబుతారు.

మన పెట్రోలు కార్లలో వుండేది ఫోర్ స్ట్రోక్ ఇంజను. ఇందులో ప్రతి సిలిండరూ క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి పేలుతుంది. మారుతి 800కు మూడు సిలిండర్లు. కాబట్టి రెండు చుట్లకు మూడు పేలుళ్లు. ఇంజను నిమిషానికి 4000 చుట్లు తిరిగితే 6000 పేలుళ్లు, అంటే సెకనుకు 100. మన చెవికి వినబడే ఆ గుర్రుమనే శబ్దం 100 హెర్ట్జ్‌ల శ్రుతి అన్నమాట. 3000 చుట్ల దగ్గర 75 హెర్ట్జ్. ఈ బండికి చుట్లను 40తో భాగిస్తే శ్రుతి వస్తుంది. నాలుగు సిలిండర్ల కారుకు 30తో భాగించాలి. ఒకే సిలిండరున్న ఫోర్ స్ట్రోక్ మోటారు సైకిలుకైతే 120తో.

గేరు మారనంతవరకు ఇంజను చుట్లకూ చక్రాల వేగానికీ ఒకే నిష్పత్తి. కనుక శ్రుతి ఎంత త్వరగా పెరిగిందో తెలిస్తే కారు ఎంత త్వరగా వేగం అందుకుందో తెలిసినట్లే. ఈ మాటను దయచేసి గుర్తు పెట్టుకోండి. ఇందులో ఒక మెలిక వున్నది, తర్వాత చెబుతాను.

కావలసినవి

మొదటిది, శబ్దం రికార్డు చేసే ఫోను. రెండవది, ఆ శబ్దాన్ని బొమ్మగా చూపే ప్రోగ్రాము వున్న కంప్యూటరు. ఆడాసిటీ అనే ప్రోగ్రాము ఉచితంగా దొరుకుతుంది. అందులో స్పెక్ట్రోగ్రామ్ అనే చూపు పెడితే అడ్డంగా కాలం, నిలువుగా శ్రుతి కనిపిస్తాయి. ఇంజను వేగం పెరుగుతుంటే ఒక వెలుగు గీత ఏటవాలుగా పైకి లేస్తుంది. మూడవది, కారు బరువు. మేము లారీ కాటా దగ్గరికి తీసుకుపోయి, ఇద్దరం లోపల కూర్చునే తూయించాము. ట్యాంకులో పెట్రోలుతో సహా 800 కిలోలు వచ్చింది. నాలుగవది, ఖాళీగా, చదునుగా, తిన్నగా వుండే రోడ్డు. అయిదవది, పక్కన కూర్చునే రెండో మనిషి.

ఈ అయిదో దాన్ని తేలికగా తీసుకోవద్దు. నడిపేవాడు రోడ్డు మీద నుంచి చూపు తిప్పకూడదు, ఫోను ముట్టుకోకూడదు. సీటు బెల్టులు పెట్టుకోవాలి. మేము ఫజర్ తర్వాత, మనుషులూ పశువులూ లేని సమయం చూసుకుని, వూరి బయటి రోడ్డు మీద, వేగం హద్దు దాటకుండా చేశాము. ఇది పందెం కాదు. పిల్లలెవరూ బండి తీసుకుని సొంతంగా బయల్దేరవద్దు.

కొలిచిన పద్ధతి

ముందు నిలకడ వేగంతో ఒక గుర్తు పెట్టుకున్నాము. రెండో గేరులో ఫోను ఉపగ్రహ వేగం 40 కిలోమీటర్లు చూపిస్తుండగా పది సెకన్లు రికార్డు చేశాము. గీత 100 హెర్ట్జ్ దగ్గర నిలిచింది. మూడో గేరులో అదే 100 హెర్ట్జ్‌కు వేగం 65 కిలోమీటర్లు. దీనితో గేరు పళ్ల లెక్క, టైరు చుట్టుకొలత ఏవీ అక్కర్లేకుండానే శ్రుతినుంచి నేరుగా వేగం తెలిసిపోతుంది.

తర్వాత గాలి, టైర్ల రాపిడి ఎంత అడ్డు పడుతున్నాయో చూడాలి. న్యూట్రల్‌లో వేసి, బ్రేకు తొక్కకుండా బండిని దాని మానాన వదిలేశాము. 60 నుంచి 50కి దిగడానికి 12 సెకన్లు పట్టింది. 40 నుంచి 30కి దిగడానికి 16 సెకన్లు. అదే సూత్రంతో లెక్కగడితే మొదటి చోట అడ్డుపడే బలం సుమారు 185 న్యూటన్లు, రెండో చోట 140. వేగం పెరిగేకొద్దీ గాలి ఎంత ఎదురు నిలుస్తుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇక అసలు పరీక్ష. అద్దాలు మూసి, ఏసీ ఆపి, ఫోనును డాష్‌బోర్డు మీద మెత్తటి గుడ్డలో పెట్టాము. తక్కువ వేగంలో గేరు వేసి, ఆక్సిలరేటరు పూర్తిగా తొక్కి, గేరు మార్చకుండా ఇంజనును పైకి రానిచ్చాము. రోడ్డు చదునుగా కనిపించినా కొంత వాలు వుంటుంది. నూరడుగులకు ఒక్క అడుగు వాలున్నా 800 కిలోల బండికి దాదాపు 78 న్యూటన్ల తేడా వస్తుంది. అందుకే పోయేటప్పుడు మూడుసార్లు, వచ్చేటప్పుడు మూడుసార్లు చేసి సగటు తీశాము. ఎదురుగాలి తేడా కూడా దానితో చాలావరకు సర్దుకుంటుంది.

రికార్డు చదవడం మా మేనల్లుడి కూతురి పని. ఇంటర్మీడియట్ ఎం.పి.సి. చదువుతోంది. కంప్యూటరు నాకన్నా దానికే బాగా వచ్చు. మొదట్లో ఒక తంటా వచ్చింది. ఫోను మైకులకు లోతైన శ్రుతులు సరిగా అందవు; 75 హెర్ట్జ్ గీత మసకగా వుంది. కాని ఏ శబ్దమూ ఒంటరిగా రాదు. దాని వెంట రెట్టింపు, మూడింతలు, నాలుగింతల శ్రుతులు వస్తాయి. వీటినే అనుస్వరాలంటారు. సి.వి.రామన్ మన మృదంగం, తబలాల మీద 1920 ప్రాంతంలో చేసిన పరిశోధన ఇలాంటి అనుస్వరాల గురించే. మా అమ్మాయి నాలుగో గీతను పట్టుకుంది. 75 నుంచి 100 బదులు 300 నుంచి 400 హెర్ట్జ్ వరకు చూసింది. ఇందులో ఇంకో లాభం కూడా వుంది. శబ్దాన్ని సెకనులో పదో వంతు ముక్కలుగా చూస్తే గీత 10 హెర్ట్జ్ మందాన అలుక్కుపోతుంది. అసలు గీత మీద అది పెద్ద తప్పే. నాలుగో గీత మీద అదే తప్పు నాలుగో వంతుకు తగ్గుతుంది.

రెండో గేరు లెక్క

రెండో గేరులో 75 నుంచి 100 హెర్ట్జ్‌కు, అంటే 3000 నుంచి 4000 చుట్లకు చేరడానికి ఒకటిన్నర సెకను పట్టింది. వేగం 30 నుంచి 40 కిలోమీటర్లకు పెరిగింది. గంటకు 10 కిలోమీటర్లంటే సెకనుకు 2.78 మీటర్లు. దాన్ని 1.5తో భాగిస్తే త్వరణం 1.85. బరువు 800తో గుణిస్తే బలం 1480 న్యూటన్లు. మధ్య వేగం 35 కిలోమీటర్లు, అంటే సెకనుకు 9.7 మీటర్లు. రెండింటినీ గుణిస్తే సుమారు 14,400 వాట్లు. దీనికి గాలి, టైర్ల అడ్డును గెలవడానికి పోయిన 1,400 వాట్లు కలపాలి. చక్రాలు, ఫ్లైవీలు వంటి తిరిగే భాగాలను తిప్పడానికి ఎనిమిది శాతం ఉజ్జాయింపుగా వేసుకుంటే ఇంకొక 1,150. మొత్తం 16,950 వాట్లు. 746తో భాగిస్తే చక్రాల దగ్గర దాదాపు 23 హార్స్‌పవర్.

కంపెనీ చెప్పేది 37 గదా, 23 అంటే బాగా పడిపోయినట్టేనని మా వాడు మళ్లీ దిగాలుపడ్డాడు. కాని తొందరపడకూడదు. ఆ 37 అన్నది 5000 చుట్ల దగ్గర, అది కూడా ఇంజను దగ్గర. మనం కొలిచింది 3500 చుట్ల దగ్గర, చక్రాల దగ్గర. ఈ ఇంజను టార్క్ ఎంత ఎక్కువైనా 59 న్యూటన్ మీటర్లే. ఆ లెక్కన 3500 చుట్ల దగ్గర కొత్త ఇంజను కూడా 29 హార్స్‌పవర్ దాటదు. అందులో గేర్లు, షాఫ్టులు పదిహేను శాతం దాకా మింగుతాయి. అంటే కొత్త బండికే చక్రాల దగ్గర పాతికకు అటూ ఇటూ. పన్నెండేళ్లు దాటిన బండికి 23 వచ్చిందంటే, ఇది ముసలి ఇంజనే గాని చచ్చిన ఇంజను కాదు. బోరు చేయించేంత జబ్బు దీనికి లేదు.

మరి బ్రిడ్జి ఎందుకు ఎక్కడం లేదు?

మూడో గేరు తెచ్చిన చిక్కు

అప్పుడు మూడో గేరు రికార్డు చూశాము. అక్కడ 75 నుంచి 100 హెర్ట్జ్‌కు రావడానికి పట్టింది రెండుంబావు సెకన్లే. 100 హెర్ట్జ్‌కు 65 కిలోమీటర్లన్న లెక్కన వేగం 49 నుంచి 65కు పెరిగి వుండాలి, సెకనుకు 4.5 మీటర్ల పెరుగుదల. త్వరణం 2, బలం 1600 న్యూటన్లు, మధ్య వేగం సెకనుకు 15.8 మీటర్లు. గాలి అడ్డు, తిరిగే భాగాలకు అయిదు శాతం కలుపుకుంటే మొత్తం 29,500 వాట్లు. అంటే దాదాపు 40 హార్స్‌పవర్!

నేను నవ్వేశాను. కొత్తగా వున్నప్పుడు కూడా అక్కడ 29 దాటని ఇంజను, ముసలితనంలో 40 ఎక్కడినుంచి తెస్తుంది? "అమ్మాయ్, ఎక్కడో గీత తప్పు చదివావు. ఆ రికార్డు తీసి పారెయ్, రెండో గేరు లెక్క చాలు" అన్నాను. పెద్దవాణ్ణి, పాఠాలు చెప్పినవాణ్ణి; అయినా ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

అది వినలేదు. ఆరు రికార్డులూ మళ్లీ చూసింది. ఆరింటిలోనూ అదే కాలం. తర్వాత రికార్డు చివర చూపించి అడిగింది. "దాదా, ఇక్కడ అబ్బా ఆక్సిలరేటరు మీద కాలు కొంచెం తీశారు. గీత 100 నుంచి 88కి ఒక్కసారిగా పడిపోయింది. బ్రేకు తొక్కలేదు గదా. కారు అంత త్వరగా ఆగుతుందా?"

ఆగదు. 100 హెర్ట్జ్ నుంచి 88 అంటే 65 కిలోమీటర్ల నుంచి 57కు. అడుగు తీసినంతలో 800 కిలోల బండి ఎనిమిది కిలోమీటర్ల వేగం పోగొట్టుకోదు. అంటే కారు అసలు 65కు చేరనే లేదు. అది 57 దగ్గరే వుంది. ఇంజను మాత్రం తనంతట తాను 65కు సరిపడా తిరిగింది. ఇంజనుకూ చక్రాలకూ మధ్య ఎక్కడో జారుతోంది. అలా జారేది క్లచ్ ఒక్కటే.

మెలిక వుందని ఇందాక చెప్పాను గదా, అది ఇదే. శబ్దం చెప్పేది ఇంజను వేగం. క్లచ్ గట్టిగా పట్టుకున్నంతవరకే అది కారు వేగం కూడా అవుతుంది. క్లచ్ జారితే ఇంజను ఒంటరిగా పైకి లేస్తుంది, మన లెక్క దాన్నే బలమనుకుని మోసపోతుంది. బండి బలహీనంగా వుంటే లెక్క బలంగా వున్నదంటుంది.

మరి రెండో గేరులో ఎందుకు జారలేదు? రెండో గేరులో ఇంజను చుట్లు గబగబా పెరుగుతాయి. తనను తాను, ఫ్లైవీలును అంత త్వరగా పైకి లేపుకోవడానికే ఇంజను బలంలో కొంత ఖర్చవుతుంది. క్లచ్ దాకా వచ్చేది ఆ మేరకు తక్కువ. మూడో గేరులో చుట్లు నెమ్మదిగా పెరగాలి. దాదాపు బలమంతా క్లచ్ మీదికే వస్తుంది. అరిగిన ప్లేటు ఆ కొంచెం ఎక్కువ భారాన్ని మోయలేక జారిపోయింది. షెడ్డులో హ్యాండ్ బ్రేకు పరీక్షకు ఇది ఎందుకు దొరకలేదంటే, అక్కడ ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడు క్లచ్ మీద పడే భారం చాలా తక్కువ.

అయినా డ్రైవింగు స్కూలు బండిలో క్లచ్ కాక ఇంకేం అరుగుతుంది చెప్పండి! రోజుకు పదిమంది కొత్తవాళ్లు, పదిమందీ క్లచ్ మీద కాలు మోపే కూర్చుంటారు. పైగా స్కూలు బండి ఎప్పుడూ ఒకటో గేరు, రెండో గేరులోనే తిరుగుతుంది. జారుడు బయటపడే అవకాశమే లేదు. బ్రిడ్జి మీద మాత్రమే అది బయటపడింది. జవాబు మా కళ్లెదుటే వుంది, మాకెవ్వరికీ తట్టలేదు.

క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు మార్పించాము. కూలీతో కలిపి అయిదు వేల లోపే అయింది. పాత ప్లేటు మీద రివిట్ల తలలు బయటికి కనిపిస్తున్నాయి. మర్నాడు తెల్లవారుజామున అదే రోడ్డు మీద మూడో గేరులో మళ్లీ కొలిచాము. ఈసారి 4.3 సెకన్లు పట్టింది. లెక్కగడితే 22న్నర హార్స్‌పవర్. రెండో గేరు చెప్పిన అంకెతో కుదిరిపోయింది. ఒకే ఇంజనుకు రెండు బలాలు వుండవు గదా! ఇప్పుడు ఆ బండి బ్రిడ్జి ఎక్కుతోంది. గాజులు మా చెల్లెలి చేతికే వున్నాయి.

కొన్ని జాగ్రత్తలు

ఈ పద్ధతితో వచ్చే అంకెను రాతి మీద చెక్కిన అక్షరంగా తీసుకోవద్దు. బరువులో, వాలులో, గాలిలో చిన్న చిన్న తప్పులు కలిసి నూటికి అయిదు, పది తేడా రావచ్చు. ఎండ కూడా లెక్కను మారుస్తుంది. 20 డిగ్రీల చలిలో కన్నా 40 డిగ్రీల ఎండలో గాలి నూటికి ఆరు వంతులు పలచన; ఇంజనుకు అంత తక్కువ గాలి అందుతుంది, బలమూ ఆ మేరకు తగ్గుతుంది. అందుకని ఒక కారును ఇంకో కారుతో పోల్చడం కన్నా, అదే కారును, అదే రోడ్డు మీద, అదే వేళకు, రిపేరుకు ముందూ తర్వాతా పోల్చడం మేలు. అప్పుడు తప్పులు రెండు వైపులా ఒకటే వుండి చెల్లుకు చెల్లు అయిపోతాయి.

ఒక్క గేరుతో సరిపెట్టకండి. రెండు గేర్లలో కొలిచి చూడండి. రెండూ కలిస్తే లెక్కను నమ్మవచ్చు. కలవకపోతే క్లచ్ వైపు చూడండి. ఆటోమేటిక్ గేరు బండ్లలో ఇంజనుకూ చక్రాలకూ మధ్య జారుడు మామూలుగానే వుంటుంది కాబట్టి వాటికి ఈ పద్ధతి తిన్నగా పనికిరాదు. విద్యుత్ కార్లలో పేలుడే లేదు, వాటి సంగతి వేరు.

పాత కారు కొనబోయేవారికీ ఇది ఉపయోగమే. అమ్మేవాడు ఒప్పుకుంటే ఒక పది నిమిషాల పని. మాటల మీద కాకుండా అంకె మీద బేరమాడవచ్చు.

షెడ్డువాళ్లను నేను తప్పు పట్టడం లేదు. వారు మోసం చేయలేదు. తమకు తెలిసిన పరీక్ష చేశారు, తమకు తోచింది చెప్పారు. నేనూ అంతే చేశాను. కాని తోచినదానికీ కొలిచినదానికీ మధ్య ముప్ఫై వేల రూపాయల దూరం వుంది. మన ఇళ్లలో ఆ దూరం చిన్నది కాదు.

చివరిగా పిల్లలకు ఒక మాట. ఈ లెక్క అంతటిలో మీ పాఠ్యపుస్తకంలో లేనిది ఒక్కటి కూడా లేదు. బలం, త్వరణం, పౌనఃపున్యం — పరీక్ష కోసం బట్టీ పట్టి, రాసి, మరిచిపోయే మాటలే ఇవి. కాని ఒక అమ్మాయి వాటిని నిజంగా నమ్మింది కాబట్టి, ముప్ఫై యేళ్లు పాఠం చెప్పినవాడు తీసి పారెయ్యమన్న అంకెను పారెయ్యలేదు. పొసగని అంకె వచ్చినప్పుడు పారేసే ముందు, అది ఎందుకు వచ్చిందో ఒక్కసారి అడగండి. మాకు జవాబు దొరికింది ఆ అంకెలోనే.

వచ్చే ఏడాది మన సెలవుల తరగతుల్లో పిల్లలకు ఈ ప్రయోగాన్ని చేసి చూపడానికి కార్యవర్గం ఒప్పుకుంటే నేను సిద్ధం. కారు మా మేనల్లుడు ఇస్తానన్నాడు, కొత్త క్లచ్‌తో సహా.